పోటీ పరీక్షల ప్రత్యేకం: పెద్దవారిలో రక్తపోటు - ప్రాథమిక వైద్యం

వయసు పెరిగేకొద్దీ ధమనుల గోడలు బిరుసెక్కుతాయి. అందుకే వృద్ధుల్లో చాలామందికి పై అంకె (సిస్టాలిక్) 140 దాటుతుంది, కింది అంకె (డయాస్టాలిక్) 90 లోపే ఉంటుంది. దీన్నే ఏకాంత సిస్టాలిక్ రక్తపోటు అంటారు. ఎనభై దాటినవారికి మందులు అవసరమా అన్న సందేహానికి 2008లో వెలువడిన హైవెట్ అధ్యయనం బదులిచ్చింది: చికిత్సతో మరణాలు, గుండె వైఫల్యం తగ్గాయి.

మన దేశంలో గుర్తుంచుకోవాల్సింది భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం (ఐహెచ్‌సీఐ). 2017లో మొదలైంది, తొలి దశ రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. కేంద్ర ఆరోగ్యశాఖ, ఐసీఎంఆర్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు భాగస్వాములు. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం దక్కింది. దీని మూలస్తంభాలు ఐదు: సులభమైన చికిత్సా విధానం, నిరంతర మందుల సరఫరా, బృంద సేవ, రోగికి అనువైన సేవలు, సమాచార వ్యవస్థ. వీటిలో మందుల సరఫరాయే ప్రాణం. నెలకు సరిపడా మాత్రలు ఊళ్లోని ఉపకేంద్రంలోనే అందితే, మోకాళ్ల నొప్పులున్న అవ్వ బస్సెక్కి పట్నం వెళ్లే పని తప్పుతుంది, మందు మధ్యలో ఆగదు.

కొలిచే పద్ధతిపైనా ప్రశ్నలు రావచ్చు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనేలా, చేయి గుండె ఎత్తులో ఉంచి చూడాలి. వృద్ధులకు నిలబెట్టి కూడా చూడటం తప్పనిసరిగా భావించాలి: మూడు నిమిషాల్లోపు పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే అది భంగిమాజనిత అల్పరక్తపోటు. తూలిపడి తుంటి ఎముక విరిగే ముప్పు ఉంటుంది కాబట్టి మోతాదు మెల్లగా పెంచుతారు.

ప్రపంచ రక్తపోటు దినం: మే 17.