అవ్వ చేతిలోని చింతగింజలు

పాఠ్యభాగము: లూకా 2:36-38, 1 తిమోతి 5:5



కొన్ని సంవత్సరముల క్రిందట, వానకాలమున, ఒక చిన్న పల్లెలో సాయంకాలపు కూడిక జరిపించుటకు వెళ్లితిని. వాన విడువలేదు; కూడికకు ఒక్కరును రాలేదు. నా ప్రయాణము వ్యర్థమాయెనని నిరుత్సాహపడి, గుడి ప్రక్కనున్న పూరింటి అరుగుమీద కూర్చుంటిని. ఆ యింటి అవ్వ నన్ను లోపలికి పిలిచి, వేడి గంజి పోసి యిచ్చి, తన పనిలో తాను కూర్చుండెను.

ఆమె యెదుట రెండు మట్టి మూకుళ్లుండెను. ఒకదానిలోనుండి చింతగింజ నొకటి తీసి, కన్నులు మూసికొని, పెదవులు కదల్చి, రెండవదానిలో వేయుచుండెను.

"ఇదేమిటవ్వా?" అని అడిగితిని.

"ఈ పల్లెలో మన విశ్వాసుల ఇండ్లు ముప్పై ఆరు, అయ్యగారూ. ఇంటికొక గింజ. నాకు చదువు రాదు గదా, ఎవరినీ మరచిపోకుండా ఇట్లా పెట్టుకున్నాను. ఒక్కొక్క ఇంటిని తలచుకొని ప్రార్థన చేసి అటు వేస్తాను."

చివరకు ఒక గింజ మిగిలెను. దానిని ఆమె చాలసేపు గుప్పిటిలోనే ఉంచుకొనెను. అది ఆమె కుమారునిది. అతడు ఇల్లు విడిచి 14 ఏండ్లాయెను; ఒక్క ఉత్తరమైనను లేదు.

"ఇన్నేండ్లాయెనే, విసుగు రాదా అవ్వా?" అంటిని.

"గింజ అరిగింది గాని, దేవుని చెవికి అలుపు రాలేదు గదా అయ్యగారూ" అనెను.

నేను ఆమెయొద్ద ఉన్నది అరగంట మాత్రమే. ఉపదేశింప వెళ్లిన నేను పాఠము నేర్చుకొని తిరిగి వచ్చితిని.

లేఖనములలో ఈ అవ్వవంటి స్త్రీ అన్న. సుమెయోను పలికిన మాటలను లూకా వ్రాసెను గాని, అన్న పలికిన మాట ఒక్కటియు వ్రాయలేదు. ఆమెను గూర్చి ఉన్నవి మూడే వచనములు. వాటిలో మనకు మూడు పాఠములు కలవు.

1. ఆమె తన దుఃఖమును దేవుని సన్నిధికి తెచ్చెను. ఆమె భర్తతో కాపురము చేసినది 7 ఏండ్లే. మిగిలిన దీర్ఘకాలమంతయు వైధవ్యమే. అయినను ఆమె హృదయము చేదు కాలేదు.

2. ఆమె తన స్థలమును విడువలేదు. ఆమె ఆషేరు గోత్రికురాలు. క్రీ.పూ. 722లో అష్షూరువారు షోమ్రోనును పట్టుకొని, ఉత్తరదేశపు గోత్రములవారిని చెరగొనిపోయిరి. అట్టి గోత్రములో పుట్టిన ఈమె యెరూషలేము దేవాలయములో నిలిచియుండెను. ఆ దేవాలయములో స్త్రీల ఆవరణము దాటి లోపలికి పోవుటకు స్త్రీలకు సెలవు లేదు. బలి అర్పించు పని ఆమెది కాదు. ఉపవాసము, ప్రార్థన, ఇవియే ఆమెకున్నవి. లూకా వాటినే దేవుని సేవ అనెను.

3. ఆమె ప్రభువును గుర్తించి, ఇతరులకు చెప్పెను. తల్లిదండ్రులు బీదవారు, వారు తెచ్చిన అర్పణ రెండు పక్షులు. ఆ ఆవరణములో ఎందరో వచ్చుచు పోవుచుండిరి. కాని ప్రార్థనలో కాచుకొనియున్న కన్నులకు ఆ బీదవారి బిడ్డయే విమోచకుడని తెలిసెను. ఆమె ఊరకుండక, విమోచనకొరకు కనిపెట్టుచున్న వారందరితో ఆయనను గూర్చి మాటలాడెను.

అన్న తాను కనిపెట్టినదానిని కన్నులార చూచెను. మన అవ్వ చూడలేదు. రెండేండ్లకు ఆమె ప్రభువునందు నిద్రించెను. అప్పటికి కుమారుడు రాలేదు. ఆమె ప్రార్థన వ్యర్థమా? వాగ్దానఫలము అనుభవింపక, దూరమునుండి చూచి వందనముచేసి మృతినొందిన విశ్వాసులను హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము సాక్షులుగా నిలుపుచున్నది. ఆ సాక్షుల వరుసలోనే ఈ అవ్వయు ఉన్నది.

ప్రియులారా, ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువుకొరకు తీసిపెట్టు తల్లులు మన సంఘములలో ఉన్నారు. గుడికి నడచి రాలేక మంచము పట్టినవారున్నారు. "ముసలివారు, వీరివలన ఏమగును?" అని తలంపకుడి. ఈ వారమే అట్టివారి నొకరిని దర్శించి, వారి చేత ప్రార్థన చేయించుకొనుడి. వారు ఎవరెవరికొరకు ప్రార్థించుచున్నారో అడిగి తెలిసికొనుడి.

నేను బయలుదేరునప్పుడు ఆ అవ్వ అటక మీదనుండి ఇంకొక గింజ తీసి, "ఇది మీది అయ్యగారూ" అని మూకుడులో వేసెను. ఇప్పుడు ఆమె లేదు. మీ పల్లెలో ఆ మూకుడు ఎవరు చేతబట్టుదురు?