ముసురులో గొర్రెలు: మందు కన్నా మడి మార్పు ముఖ్యం

పక్షం రోజులుగా ముసురు విడవడం లేదు. బీడు పచ్చబడిందని గొర్రెల రైతులు సంబరపడుతున్నారు. ఆ పచ్చిక అడుగునే నట్టలూ పెరుగుతున్నాయి. తడికి వెచ్చదనం తోడైతే పెంటికల్లోని గుడ్లు పొదిగి, వారం తిరిగేసరికి పిల్ల పురుగులు గడ్డికెక్కుతాయి. కంచె వేసి సొంత బీడులో మేపే చిన్న మందలకే ముప్పు ఎక్కువ. పెంటిక వేసిన చోటే మర్నాడు మేత.

రెండెకరాలుంటే పది మడులు చేయండి. మందకు కట్టే వల చాలు. ఒక్కో మడిలో మూడు రోజులు, మహా అయితే నాలుగు. మళ్లీ అదే మడికి నెల దాటాకే రావాలి. ఈ లోపు పిల్ల పురుగులు చాలావరకు చస్తాయి. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండగానే మందను తీసేయండి. పురుగు ఎక్కువగా ఉండేది మొదట్లోనే. మంచు ఆరాకే మేతకు వదలండి.

అన్నిటినీ ఒకే గుంపుగా తోలొద్దు. కొత్త మడిలోకి ముందు పాలు మరిచిన పిల్లలు, వాటి వెనుక పెద్దవి. ఈనబోయే గొర్రెలు, పాలిచ్చే తల్లులు గుడ్లు ఎక్కువగా విడుస్తాయి, వాటిని వేరుగా మేపండి. సంతలో కొన్నవాటిని మూడు వారాలు విడిగా కట్టాకే మందలో కలపండి.

ఇక మందుల సంగతి. నెలనెలా నట్టల మందు, పైన లివర్ టానిక్ అంటగట్టే దుకాణదారు మాట ఎందుకు వింటారో అర్థం కాదు. మాటిమాటికీ తాగిస్తే నట్టలు మందుకు మొండికేస్తాయి. కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే నెత్తురు పీల్చే నట్టల బాధ లేనట్టే. తెల్లగా పాలిపోయినా, సాయంత్రానికి దవడ కింద నీరు దిగినా ఆ జీవానికే మందు, అదీ తూకం వేసి. పొట్టేలు దాటిన తొలి నెలలో ఆల్బెండజోల్ వద్దు.

ముసురులో మిగతా జీవాలనూ మరవొద్దు. గేదెలకు గొంతువాపు టీకా వేయించకుంటే ఇప్పుడైనా వేయించండి. ఎండి, వానకు మళ్లీ చిగిర్చిన జొన్న పిలకలు ఏ పశువుకూ పెట్టొద్దు, విషం. కోళ్ల షెడ్డులో పొట్టు తడవనీయకండి.

గొర్రెలకు నట్టల మందు కొనేముందు మాత్రం పిడికెడు పెంటికలు పట్టుకుని పశువైద్యశాలకు వెళ్లండి. ఏ నట్టలో తెలిశాకే జేబులో చెయ్యి పెట్టండి.