రోళ్లపాడు గడ్డిబయళ్లలో కాలిబాటలు

కొండయు అడవియు కాని మెట్టనేలను బంజరని పిలుచుట రాయలసీమలో వాడుక. పంటలేని నేల పనికిరాని నేల యను భావము ఆ పేరులోనే యున్నది. కాని వాన కురిసిన కొలదిదినములకే ఆ నేల పచ్చబడును. గొఱ్ఱెలకు మేతయు, కౌజులకు గూడును, జింకలకు పరుగుతీయు తావును అదియే. ఇట్టి గడ్డిబయళ్లను చెడగొట్టక జనులకు చూపుటయెట్లు, అందు గ్రామ పంచాయతీ చేయదగిన పనియేమి యనునది ఈ పాఠమునకు విషయము.

రోళ్లపాడు కథ

నందికొట్కూరు ప్రాంతమున, పూర్వపు కర్నూలు జిల్లాలోను 2022 నుండి నంద్యాల జిల్లాలోను చేరిన రోళ్లపాడు గ్రామము చెంత ఒక వన్యప్రాణి అభయారణ్యము గలదు. దీనిని 1988లో ఏర్పరచిరి. వైశాల్యము 6.14 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పేరు అభయారణ్యమే యైనను ఇందు దట్టమైన చెట్లు లేవు. గడ్డియు, అక్కడక్కడ రేగుపొదలును, తంగేడును కానవచ్చును.

ఈ చిన్న బయలునకు ప్రఖ్యాతి తెచ్చినది బట్టమేక పక్షి. నిలిచిన నది సుమారొక మీటరు ఎత్తుండును; మగపక్షి పదునైదు కిలోగ్రాముల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో నిదియొకటి. ఆడపక్షి గూడు కట్టదు. వట్టి నేలమీదనే, సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టి, సుమారు నాలుగు వారములు పొదుగును. ఆ నాలుగు వారములలో మనుష్యుడో, కుక్కయో, మందయో మాటిమాటికి దరిచేరినచో గ్రుడ్డు కాకుల పాలగును. 1980వ దశకములో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు ఇచ్చట ఈ పక్షి జీవితమును శ్రద్ధగా పరిశీలించిరి.

నేడు బట్టమేకను చూడగలమను ఆశతో రోళ్లపాడునకు పోవుట తగదు. దేశమంతటను మిగిలినవి నూటయేబదికి లోపే. వానిలో అధికభాగము రాజస్థానమున నున్నవి. కంచె వేసి కాపాడినను ఇచ్చట ఈ పక్షి ఏల నిలువలేదు? దీనిని పంచాయతీ సభ్యులు ముఖ్యముగా ఆలోచింపవలెను. ఆరు చదరపు కిలోమీటర్లు ఈ పక్షికి చాలవు. కంచె వెలుపలి జొన్న, కొఱ్ఱ, పప్పుధాన్యముల మెట్టచేలును దానికి మేతభూములే. ఆ చేలలో నీటివసతి పెరిగి పంటలు మారెను. పురుగుమందుల వాడుక హెచ్చెను. రైతు బాగుపడుట తప్పుగాదు. కాని కంచె లోపలి భూమిని అటవీశాఖ కాపాడగలిగినను, వెలుపలి భూమిలో జరుగునది గ్రామముల నిర్ణయము.

పక్షి తగ్గినను బయలు వట్టిపోలేదు. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఇందు మందలుగా నున్నది. తోడేళ్లు, నక్కలు కలవు. చలికాలమున ఉత్తరదేశములనుండి పిల్లిగద్దలు వచ్చి, సాయంకాలమున గడ్డిలో గుంపుగా వాలి రాత్రి గడుపును. ఈ దృశ్యమును చూచుటకు దూరప్రాంతములవారును వచ్చుచుందురు.

కడప జిల్లా పాఠము

సిద్ధవటము, బద్వేలు ప్రాంతములలోని లంకమల ముండ్లపొదల నేలలు చెప్పు కథ వేరు. కలివికోడి యను రాత్రించర పక్షిని 1848లో జెర్డన్ యను ఆంగ్ల వైద్యుడు లోకమునకు తెలిపెను. 1900 తరువాత అది కానరాక, నశించినదని శాస్త్రజ్ఞులు తలంచిరి. 1986 జనవరిలో ఆ పక్షి మరల దొరకినది. అందుకు తోడ్పడినవారు పొదలలో తిరిగి పక్షులను పట్టు స్థానికులే. గ్రంథములు లేదన్న పక్షిని గ్రామీణుని కన్ను ఎరిగియుండెను! 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. ఈ పక్షి తావును తప్పించుటకై తెలుగుగంగ కాలువ దారిని సైతము మార్చవలసివచ్చినది.

పరిశోధకులు ఈ పక్షి జాడ తీయుటకు పొదల నడుమ సన్నని మట్టిని పట్టెలుగా పరచి, మరునాడు అడుగుజాడలు చూచెడివారు. మన గొఱ్ఱెలకాపరి తప్పిపోయిన మేకను వెదకు విద్యయు నిట్టిదే గదా!

బాట ఎట్లుండవలెను?

ఇంగ్లండు దేశమున చెట్లులేని మెట్టబయళ్లు పెక్కుగలవు. వానిలో నడచు హక్కు ప్రజలకు 2000 సంవత్సరపు చట్టమువలన విస్తరించినది. ఐనను నేలమీద గ్రుడ్లుపెట్టు పక్షుల రక్షణకై మార్చి 1 నుండి జూలై 31 వరకు అట్టి బయళ్లలో కుక్కలను పొట్టి త్రాటితో పట్టుకొనియే నడువవలెనని నియమము. నడచు హక్కుతోబాటు బాధ్యతయు చట్టములోనే యున్నదన్నమాట.

మన నేలలో బాట వేయుటకు గొప్ప వ్యయము పనిలేదు. ఉన్న బండ్లబాటలు, పుంతలు, అగ్గి ప్రాకకుండ గడ్డి తీసిన పట్టెలు చాలును. క్రొత్తగా త్రవ్వినచో వాననీరు ఆ చాలునబడి మట్టిని కోయును. సిమెంటు అక్కరలేదు. మలుపుకడ సున్నము పూసిన రాయి యొకటి నాటిన చాలును. ముసలివారును పిల్లలును తేలికగా నడువగల రెండుమూడు కిలోమీటర్ల చుట్టుబాట మేలు. బయలుదేరిన చోటికే చేరునట్లుండవలెను. నీడ లేని బయలు గనుక ఉదయమే నడక ముగింపవలెను. త్రాగునీరు వెంట నుండవలెను. రక్తపింజరి వంటి విషసర్పములు గడ్డిలో నుండును గనుక బాట విడిచి అడుగు వేయరాదు.

నడకకు అనువైన కాలము కార్తికము మొదలు మాఘము వరకు. వానకాలము పక్షులు గ్రుడ్లుపెట్టు కాలము. రేగడి తడిసి కాలికి అంటుకొని నడకయు సాగదు. ఆ నెలలలో బాట మూయుట ఉభయులకు క్షేమము.

అభయారణ్యములో ప్రవేశించుటకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అటవీశాఖ అనుమతి కావలెను. పంచాయతీ తానుగా అందు బాట వేయజాలదు. కాని కంచె వెలుపల, గ్రామపు పుంతలమీద, అధికారులతో సంప్రతించి బాటలు గుర్తింపవచ్చును.

రైతు కష్టము

జింకలు కంచె దాటి చేలలో మేయుచున్నవని రైతులు మొరపెట్టుకొనుట న్యాయమే. ఊరి చేను మేసిన జింకను పట్టణపువారు వచ్చి చూచి మెచ్చుకొనిపోయినచో రైతున కేమి లాభము? కావున పంటనష్టము జరిగిన వెంటనే అటవీ అధికారులకు వ్రాతమూలకముగా తెలుపుటకు పంచాయతీ రైతునకు తోడ్పడవలెను. దారి చూపువారుగా గ్రామ యువకులనే నియమింపుడని అధికారులను కోరవలెను. రైతు మనసు కుదుటపడనిదే ఏ బాటయు నిలువదు.

పంచాయతీ చర్చింపదగినవి

1. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము గ్రామమున జీవవైవిధ్య యాజమాన్య సమితి ఏర్పడినదా? ఏర్పడినచో గొఱ్ఱెలకాపరులకును స్త్రీలకును అందు చోటున్నదా?

2. గ్రామ పరిధిలోని గడ్డినేలలు, పుంతలు, కుంటలు, అచ్చట కనబడు పక్షులు, జంతువులు జాబితాలో నెక్కినవా?

3. గడ్డినేలలో చెట్లు నాటు ప్రతిపాదన వచ్చినచో, అది అచ్చటి పక్షులకు హితమా యని అటవీశాఖ నడిగితిరా? బట్టమేక వంటి పక్షులు చెట్లు క్రమ్మిన చోట నిలువవు.

4. వేసవిలో గడ్డికి నిప్పంటుకొనకుండను, ఊరకుక్కలు బయళ్లలో చేరకుండను ఏ ఏర్పాటు కలదు?

బట్టమేక తిరిగి వచ్చునో రాదో యెవరును చెప్పజాలరు. వచ్చిననాడు వాలుటకు బయలుండవలెను గదా! గ్రామ కంఠమునకు, చెరువుగట్టునకు ఎంత శ్రద్ధ వహింతుమో గడ్డినేలకును అంత శ్రద్ధ వహించుట మన విధి. తదుపరి సమావేశమున దీనిని చర్చకు తేగోరుచున్నాము.