వత్తి పద్ధతిలో మట్టి లేని పెరటి సాగు

ఢిల్లీ సరోజినీ నగర్‌లోని ప్రభుత్వ క్వార్టర్ల వంటి మేడ ఇళ్ళలో బాల్కనీయే పెరడు. అటువంటి చోట ఆకుకూరలు పెంచుటకు సులభమైనది వత్తి పద్ధతి. మట్టి లేని సేద్యంపై మన దేశంలో 1946లోనే కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ప్రయోగాలు ప్రారంభించారు.

సూత్రం: ప్రమిదలో వత్తి నూనెను లాగినట్లే, ఇక్కడ వత్తి తొట్టిలోని పోషక ద్రావణాన్ని వేళ్ళకు అందిస్తుంది. మోటారు, కరెంటు అవసరం లేదు.

అమరిక: బకెట్‌లో ద్రావణం నింపి, మూతపై కుండీ అమర్చండి. కుండీలో బాగా కడిగిన కొబ్బరి పొట్టు నింపండి. అడుగు రంధ్రం గుండా రెండు నైలాన్ వత్తులు ద్రావణంలోకి దించండి. నూలు వత్తి త్వరగా కుళ్ళిపోతుంది. నాటుటకు ముందే వత్తిని, పొట్టును పూర్తిగా తడపాలి. బకెట్‌కు వెలుతురు సోకితే పాచి పడుతుంది. మూత వదులైతే డెంగ్యూ దోమలు గుడ్లు పెడతాయి.

ఎరువు: ద్రావణం ఉదజని సూచిక 5.5 నుండి 6.5 మధ్య ఉండాలి. డీలర్లు గమనించగలరు: మట్టి లేని చోట యూరియా ఒక్కటే పనికిరాదు. కాల్షియం నైట్రేట్ గాఢ ద్రావణాన్ని సల్ఫేట్, ఫాస్ఫేట్ ద్రావణాలతో కలిపితే మడ్డి పేరుకుంటుంది. వేర్వేరుగా ఉంచి, నీటిలో పలుచన చేసిన తరువాతనే కలపాలి. పొట్టులో లవణాలు పేరుకోకుండా అప్పుడప్పుడు పైనుండి మంచినీరు పోసి, క్రిందికి కారిన నీటిని పారబోయండి.

పరిమితి: పాలకూర, పుదీనా చక్కగా వస్తాయి. వేసవిలో టమాటా త్రాగే నీటిని వత్తి అందించలేదు.

పెట్టుబడి: ఇది ఇంటి కూరకు సరిపోతుంది, దీనిని నమ్మి అప్పు వాయిదాలకు ఒప్పుకోవద్దు. ఖరీదైన కిట్టు కొనుటకు ముందు ఒక్క బకెట్‌తో ఒక పంట తీయండి. ఖర్చు, దిగుబడి వ్రాసి ఉంచండి. ఆ లెక్కతోనే బ్యాంకుకు రండి.