నల్ల పిల్లలన్నీ కడక్‌నాథ్ కాదు – కోడి జీనోమ్‌లో రెండుసార్లు పడిన ఒక ముక్క కథ



పై వీడియోలో మా పెరట్లో తిరుగుతున్న కోడిపిల్లల్ని చూశారు కదా. అన్నీ ఒకే మందలో పుట్టినవే. కొన్ని నల్లటి చర్మంతో, కొన్ని తెల్లటి చర్మంతో ఉన్నాయి. తల్లులూ తండ్రులూ అన్నీ నలుపే! మరి తెల్లవి ఎలా వచ్చాయి? ఇది తెలియక నేను డబ్బు పోగొట్టుకున్నాను, పక్కింటాయనతో గొడవ కూడా పెట్టుకున్నాను. మీకు అలా జరగకూడదని ఈ పాఠం రాస్తున్నాను.

జరిగింది ఇదీ. ఒక వ్యాపారి దగ్గర కడక్‌నాథ్ అని చెబితే 30 పిల్లలు తెచ్చాను. మామూలు నాటు పిల్లల కన్నా రెట్టింపు ధర. పెరిగాక అన్నీ నల్లగా నిగనిగలాడాయి. వాటి గుడ్లు పొదిగిస్తే 48 పిల్లలు దిగాయి. వాటిలో 11 పిల్లలకి రెక్క కింద చర్మం తెల్లగా ఉంది. అప్పటికే కొన్ని పిల్లల్ని కడక్‌నాథ్ అని చెప్పి ఒక తమ్ముడికి అమ్మాను. అతని దగ్గరా రెండు తెల్లగా తేలాయి. డబ్బు వెనక్కిచ్చేశాను గానీ పోయిన మాట ఊరికే వెనక్కి రాదు కదా.

నా అనుమానం పక్కింటి పుంజు మీద పడింది. "బాబాయ్, నీ పుంజు గోడ దూకి మా మందని పాడు చేసింది" అని గట్టిగానే అడిగాను. "నా పుంజుని గంప కిందే కమ్ముతున్నానురా అబ్బాయ్" అని ఆయన ఎంత చెప్పినా వినలేదు. తప్పు ఆయన పుంజుది కాదని తర్వాత లెక్క వేస్తే తేలింది. ఆ లెక్క తెలియాలంటే ముందు కోడి జీనోమ్ గురించి నాలుగు మాటలు తెలుసుకోవాలి.

జీనోమ్ అంటే ఎంత?

ప్రతి జీవి కణంలో డీఎన్ఏ అనే పొడవాటి దారం ఉంటుంది. ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం అనుకోండి. ఆ మొత్తం పుస్తకమే జీనోమ్. వరిలో సుమారు 40 కోట్ల అక్షరాలు, కోడిలో సుమారు 105 కోట్లు, మొక్కజొన్నలో సుమారు 230 కోట్లు, మనిషిలో సుమారు 310 కోట్లు ఉంటాయి. మరి మనం కూరలో వేసుకునే ఉల్లిపాయలోనో? సుమారు 1,600 కోట్లు! మనిషికన్నా అయిదు రెట్లు. అంటే డీఎన్ఏ ఎక్కువుంటే గొప్ప జీవి అని కాదు.

ఈ తేడా ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందంటే, ఒకే ముక్క మళ్లీ మళ్లీ నకలు పడటం వల్ల. మొక్కజొన్న జీనోమ్‌లో సుమారు 85 శాతం ఇలాంటి నకళ్లే. మనిషిలో దాదాపు సగం. పక్షుల్లో మాత్రం చాలా తక్కువ, ఎక్కువ జాతుల్లో పది శాతం అటూ ఇటూ. పక్షుల్లోనూ వడ్రంగిపిట్టల దారి వేరు. అమెరికాలోని ఒక చిన్న వడ్రంగిపిట్టలో సుమారు 22 శాతం నకళ్లే ఉన్నాయి.

ఈ ముక్కల్లో కొన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతాయి కూడా. దీన్ని మొదట కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1940లలో ఆమె మొక్కజొన్న చేలో తిరుగుతూ, గింజల మీద మచ్చలు ఎందుకు పడుతున్నాయో గమనించి ఈ సంగతి చెప్పారు. చాలామంది నమ్మలేదు. 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. కంకిలో గింజల్ని ఓపిగ్గా చూసిన మనిషికి దొరికిన జ్ఞానం అది. మన రైతులకి ఆ ఓపిక కొత్తేమీ కాదు.

మన కోళ్లలో కనిపించే నకళ్లు

ఈ నకళ్లలో చాలావాటి వల్ల మనకి కనిపించే తేడా ఏమీ ఉండదు. కానీ కొన్ని కంటికి కనిపిస్తాయి.

1. అసిల్ పుంజు తల మీద జుట్టు నిలువు రంపంలా కాకుండా చిన్నగా, బఠానీ గింజలు అతికించినట్టు ఉంటుంది. సాక్స్-5 అనే జన్యువులో ఒక ముక్క అనేకసార్లు నకలు పడటమే కారణం.

2. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో అరకానా కోళ్లు నీలం పెంకు గుడ్లు పెడతాయి. ఎప్పుడో ఒక వైరస్ తన ముక్కని కోడి డీఎన్ఏలో ఒక జన్యువు పక్కన అతికించి వెళ్లింది. ఆ ముక్క తరతరాలుగా వస్తోంది. ఈ సంగతి 2013లో బయటపడింది. చైనాలో నీలం గుడ్లు పెట్టే కోళ్లలో అదే వైరస్ ముక్క విడిగా ఇంకోసారి వచ్చి చేరింది.

3. కొన్ని హేచరీల్లో ఒకరోజు పిల్ల రెక్క ఈకల పొడవు చూసి ఆడా మగా చెప్పేస్తారు. ఈకలు ఆలస్యంగా పెరిగే ఆ గుణం వెనక కూడా రెండుసార్లు పడిన ఒక డీఎన్ఏ ముక్క ఉంది.

4. ఇక మన కడక్‌నాథ్. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. చర్మం, మాంసం, ఎముకల పై పొర కూడా నలుపు. రక్తం నలుపని కొందరు చెబుతారు, అది తప్పు. రక్తం ఎరుపే. గుడ్డు పెంకు కూడా నల్లగా ఉండదు.

ఆ నలుపుకి కారణం కోడి 20వ క్రోమోజోమ్‌లో ఉంది. అక్కడ లక్షకు పైగా అక్షరాలున్న ఒక ముక్క రెండుసార్లు పడింది. అందులో ఎండోథీలిన్-3 అనే జన్యువు ఉంది. గుడ్డులో పిల్ల తయారవుతున్నప్పుడు రంగు కణాల్ని పెంచే పని దానిది. జన్యువు రెండయ్యేసరికి రంగు కణాలు విపరీతంగా పెరిగి, మామూలుగా వెళ్లని చోట్లకి కూడా వెళ్లిపోతాయి. అందుకే లోపలా బయటా నలుపు. చైనా సిల్కీ కోడిలో, ఇండోనేషియా నల్లకోడి అయాం సెమానీలో కూడా ఇదే మార్పు ఉందని 2011లో తేల్చారు. కడక్‌నాథ్‌లోనూ అదే దొరికింది. ఇంత చిక్కు మార్పు ఇన్ని దేశాల్లో ఒకేలా ఉందంటే, ఎక్కడో ఒకసారి మొదలై మనుషులతోపాటు ప్రయాణం చేసిందని అర్థం.

ఇప్పుడు నా లెక్క

ప్రతి పిల్లకీ 20వ క్రోమోజోమ్ తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తుంది. ఆ రెండిట్లో ఏ ఒక్కదాంట్లో నలుపు ముక్క ఉన్నా చాలు, పిల్ల నల్లబడుతుంది. రెండిట్లోనూ లేకపోతేనే తెల్లచర్మం.

అసలైన కడక్‌నాథ్ పుంజుని నాటు పెట్టలకి వదిలితే ఏమవుతుంది? పిల్లలకి తండ్రి నుంచి నలుపు, తల్లి నుంచి మామూలుది వస్తాయి. చూడటానికి అన్నీ నలుపే, కానీ సగం సగం. నాకు అమ్మినవి అవే. వాటిలో వాటిని కలిపితే నాలుగింట ఒక పిల్లకి రెండువైపులా మామూలుదే వస్తుంది. 48లో నాలుగో వంతు 12. నాకు వచ్చినవి 11.

పక్కింటి పుంజే తండ్రి అయితే సుమారు సగం, అంటే 24 తెల్లగా రావాలి. అంతకన్నా ముఖ్యమైన మాట: నా పెట్టలు అసలైనవైతే, పక్కింటి పుంజు గోడ దూకినా పిల్లల్లో ఇలా పూర్తి తెల్లచర్మంవి రావు! ఎందుకంటే ప్రతి పిల్లకీ తల్లి నుంచి నలుపు ముక్క తప్పకుండా వస్తుంది. తప్పు నేను కొన్న మందలోనే ఉంది. ఆ సాయంత్రమే వెళ్లి బాబాయ్‌కి క్షమాపణ చెప్పుకున్నాను. "లెక్క ముందే వేసుంటే బాగుండేది కదరా" అన్నాడాయన.

మీరు ఏం చేయాలి?

మంద మొదలుపెట్టే ముందు పుంజుని పరీక్షించండి. దాన్ని మామూలు చర్మం ఉండి, కాళ్లు మాత్రం నల్లగా ఉన్న నాటు పెట్టలతో కలపండి. పది పిల్లల్ని చూడండి. ఒక్కటి తెల్లచర్మంతో వచ్చినా ఆ పుంజు సగం సగమే. పదీ నల్లగా వస్తే దాదాపు నమ్మొచ్చు. సగం సగం పుంజుకి వరసగా పది నల్లపిల్లలు పుట్టే అవకాశం 1,024లో ఒక్కటే.

నల్లకాళ్ల పెట్ట ఎందుకన్నానంటే, తెల్ల లేదా పసుపు కాళ్ల కోళ్లలో నలుపుని అణిచే ఇంకో జన్యువు ఉంటుంది. ఆ పెట్ట తన కొడుకులకి దాన్ని ఇస్తుంది, కూతుళ్లకి ఇవ్వదు. అందుకని పుంజుపిల్లలు వెలిసినట్టు, పెట్టపిల్లలు నల్లగా వస్తాయి. 1911లోనే ఇంగ్లండ్‌లో బేట్సన్, పన్నెట్ సిల్కీ కోళ్లలో ఇది చూపించారు. తెలియకపోతే మంచి పుంజుని కూడా అనవసరంగా తీసేస్తాం.

పెట్టల్ని కూడా ఇలాగే నల్లకాళ్ల నాటు పుంజుతో పరీక్షించవచ్చు. ఏ గుడ్డు ఏ పెట్టదో గుర్తు పెట్టుకోవాలి.

చివరిగా ఒక్క మాట. ఈ పరీక్షలో నెగ్గితే నలుపు విషయం తేలినట్టే గానీ జాతి మొత్తం తేలినట్టు కాదు. నలుపు అనేది 105 కోట్ల అక్షరాల పుస్తకంలో ఒక్క చోటు. ఎండకి తట్టుకోవడం, మేత వెతుక్కోవడం, రోగాన్ని ఓర్చుకోవడం లాంటి గుణాలు ఇంకా ఎన్నో పేజీల్లో చెదిరి ఉన్నాయి. రంగు చూసి పుంజుని ఎంచుకుంటే రంగు మిగులుతుంది. నడక, ఆరోగ్యం, తల్లి పొదుగుడు చూసి ఎంచుకుంటే జాతి మిగులుతుంది. హైబ్రిడ్ విత్తనం రెండో ఏడు చేలో ఎందుకు చెదిరిపోతుందో మనకి తెలుసు. కోడిపిల్లని కొనేటప్పుడు కూడా ఆ తెలివే వాడాలి.

నా 11 తెల్లపిల్లల్ని మాత్రం అమ్మలేదు. అవి నాటుకోళ్లలాగే పెరట్లో పురుగులు ఏరుకుంటున్నాయి. వాటి తప్పేముంది?