నాకెవ్వలు చెప్పలే సార్

పరీక్ష ఫీజు గడువు దాటిన మర్నాడు ఏ కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడినా ఈ మాట వినిపిస్తుంది: "నాకెవ్వలు చెప్పలే సార్." అందులో అబద్ధం ఉండదు. నోటీసు బోర్డుకు కాగితం అంటించారు, క్లాసులో ఒకసారి చదివారు, కాలేజీ యాప్‌లో కూడా పెట్టారు. ఆ రోజు ఆ పిల్లవాడు బస్సు అందక జన్నారంలోనే ఉండిపోయాడు. యాప్ ఫోనులో ఉంది కానీ, చేరిన రోజు వేయించుకున్నాక మళ్లీ తెరిచింది లేదు. ఆలస్య రుసుము మాత్రం ఇంట్లోంచే వస్తుంది. నాన్న బొగ్గు బాయిలో చెమటోడ్చిన పైసలు కావచ్చు, అమ్మ పత్తి ఏరిన కూలి కావచ్చు.

చదువుకునే వయసులో వదిలించుకోవాల్సిన అలవాట్లలో, ఎవరో చెబుతారని ఎదురుచూడటమే మొదటిదని నా నమ్మకం. వ్యక్తిత్వ వికాసం అనగానే మనం స్టేజీ భయం గురించి, ఇంగ్లిష్ గురించి, ఇంటర్వ్యూలో కూర్చునే తీరు గురించి చెబుతాం. స్టేజీ మీద తడబడే అమ్మాయి నాలుగుసార్లు ఎక్కితే నేర్చుకుంటుంది. తన సంగతి తాను చూసుకోవడం అలవాటు కానివాడికి మాత్రం ఉద్యోగంలో చేరాక కూడా వెనక ఒకరు నిలబడి గుర్తు చేస్తూనే ఉండాలి. కాలేజీ యాప్‌ను రోజూ తెరవమని నేను పట్టుబట్టేది అందుకే.

నస్పూర్‌లో పెరిగిన పిల్లలకు ఈ సంగతి ఇంట్లోనే తెలుసు. సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా బొగ్గు గనుల్లో కార్మికుడు మస్టర్ (హాజరు) పడ్డాకే, ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంప్ తీసుకున్నాకే కిందికి దిగుతాడు. భూగర్భంలో ఏ క్షణాన ఎవరెవరు ఉన్నారో రిజిస్టరు చూస్తే తెలియాలని 1952 నాటి గనుల చట్టమే చెప్పింది. ఏదైనా ప్రమాదం జరిగితే లోపల ఎవరు చిక్కుకున్నారో తేల్చేది ఆ పేర్లే. హాజరు వేయడం మనిషిని అనుమానించడం కాదని, మనిషిని లెక్కలో ఉంచుకోవడమని ఈ ఊరి కంటే బాగా ఎవరికి తెలుసు?

నస్పూర్ సీసీసీలోని సింగరేణి పాలిటెక్నిక్‌లో మైనింగ్ డిప్లొమా చదివే పిల్లల్లో రేపు గనిలో షిఫ్టును పర్యవేక్షించే ఓవర్‌మెన్లు అయ్యేవాళ్లు ఉంటారు. షిఫ్టులో ఏం చూశారో, ఏం సరిచేశారో రాసి సంతకం పెట్టాల్సిన బాధ్యత ఆ ఉద్యోగంలో ఉంది. 2017 బొగ్గు గనుల నిబంధనలు ఆ మాట స్పష్టంగా చెబుతాయి. పైకప్పు ఎలా ఉందో చూసుకోకుండా, ఎవరో చెబుతారని కూర్చుంటే అక్కడ ప్రాణాలు పోతాయి. ఆ జాగ్రత్త ఇరవై రెండేళ్లకు అపాయింట్‌మెంట్ ఆర్డరుతో పాటు రాదు. పదహారు, పదిహేడేళ్లకే చిన్న చిన్న విషయాల్లో మొదలుకావాలి.

హాజరునే తీసుకుందాం. పాలిటెక్నిక్ విద్యార్థి పరీక్ష రాయాలంటే 75 శాతం ఉండాలి. ఎస్‌బీటెట్ (రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి) వెబ్‌సైటులో పిన్ నంబరు కొడితే ఆ శాతం కనిపిస్తుంది. సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకోండి. కనీసం 68 రోజులు రావాలి, అంటే 22 రోజుల కంటే ఎక్కువ పోగొట్టుకోకూడదు. అరవయ్యో రోజుకు 20 రోజులు పోయాయని తెలుసుకున్న విద్యార్థి మిగిలిన 30 రోజులూ వస్తే 77 శాతం దాటుతాడు, గట్టెక్కుతాడు. 24 రోజులు పోయాక, ఎనభయ్యో రోజున తెలుసుకున్నవాడు ఇక రోజూ వచ్చినా 73 దగ్గరే ఆగిపోతాడు. ఆ తర్వాత మెడికల్ సర్టిఫికెట్టు, కండొనేషన్ ఫీజు, బతిమాలుకోవడం. తెలివిలో ఇద్దరికీ తేడా లేదు. ఒకరు వేళకు చూసుకున్నారు, ఇంకొకరు చూసుకోలేదు.

"గ్రూపులో పెడతరు కద సార్" అంటారు పిల్లలు. ఆ వాట్సాప్ గ్రూపే అసలు చిక్కు. పరీక్ష వాయిదా పడిందని ఎవరో ఎక్కడిదో కాగితం ఫోటో పెడతారు. దాని మీద తేదీ ఉండదు, ఉన్నా పోయినేడాదిది అయి ఉంటుంది. వానలు పట్టి గోదావరి పొంగితే చాలు, సెలవు అంటూ పాత ఉత్తర్వులు ఫోన్లలో తిరుగుతాయి. విన్నది నమ్మే ముందు మూలం ఎక్కడుందో వెతకడం చదువుకున్నవాడి లక్షణం. రోజూ పొద్దున కాలేజీ యాప్ తెరిచి రెండు నిమిషాలు చూసే అలవాటు ఆ లక్షణానికి మంచి సాధన.

చేతకాదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఎక్కువగా దోస్త్ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారానే భర్తీ అవుతున్నాయి. రిజిస్ట్రేషన్, వెబ్ ఆప్షన్లు, సీటు ఖరారు అన్నీ దాటుకొనే డిగ్రీ పిల్లలు కాలేజీలోకి వచ్చారు. సీటు కోసం అంత ఓపిక పట్టినవాళ్లు సీటు వచ్చాక చూడటం ఎందుకు మానేస్తున్నారు?

అధ్యాపకులకు కూడా ఒక మాట చెప్పాలి. నా అనుభవంలో సగం బాధ్యత మనదే. హాజరు రిజిస్టరులో రాసి, వారం తర్వాత తీరిక దొరికినప్పుడు యాప్‌లో ఎక్కిస్తే ఆ యాప్ అబద్ధం చెబుతుంది. ఒకటి రెండుసార్లు తప్పు లెక్క చూసిన విద్యార్థి మళ్లీ దాని ముఖం చూడడు. తప్పు పట్టలేం కూడా. నోటీసు ముందు గ్రూపులోకి వెళ్లి, మూడు రోజులకు యాప్‌లోకి వస్తే ఎవరు మాత్రం దాన్ని తెరుస్తారు? ఒకే పని రెండుచోట్ల చేయాలంటే ఎవరికైనా విసుగే. ఎక్కడ రాస్తే సరిపోతుందో ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాలి, తన సర్క్యులర్‌ను ముందుగా యాప్‌లోనే పెట్టాలి. తెలుగులో పెడితే ఇంకా మేలు. ఇంట్లో ఆ ఫోను చూసే అమ్మానాన్నలకు కూడా అర్థమవుతుంది.

రిటైర్మెంటుకు దగ్గరపడిన లెక్చరర్లలో కొందరికి ఫోను కొరుకుడు పడదు. ముప్పై ఏళ్లు సుద్దముక్కతో పాఠం చెప్పినవారికి అది చిన్నతనం కాదు. సెకండియర్ పిల్లను పిలిచి "ఇది ఎట్ల చేయాలె, చూపియ్యమ్మా" అని అడిగితే ఆ పిల్లకు కలిగే ధైర్యం ఏ శిక్షణ తరగతీ ఇవ్వలేదు. నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదని సార్ నోటితో చెప్పనక్కర్లేదు, కళ్లారా చూసింది కదా.

ఇంటికంతా ఒకే ఫోను ఉన్న పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అన్న సెకండ్ షిఫ్టు నుంచి వచ్చేదాకా వాళ్లకు ఫోను అందదు. లైబ్రరీలో ఒక కంప్యూటరు వాళ్ల కోసం తెరిచి ఉంచాలి. యాప్ వచ్చిందని నోటీసు బోర్డు పీకేయకూడదు. ఇంకో విషయం: హాజరు చూపించే యాప్‌కు మీ ఫోనులోని నంబర్లతో, ఫోటోలతో పని లేదు. అడిగితే కాదనండి, ఎందుకని ప్రశ్నించండి. ఏ పనికి అడుగుతున్నారో ఆ పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. కళ్లు మూసుకుని అన్నిటికీ ఒప్పుకోవడం కూడా తన సంగతి తాను చూసుకోకపోవడమే.

ఈ అలవాటు కాలేజీ గేటు దగ్గర ఆగదు. చదివిన కోర్సుల క్రెడిట్లను విద్యార్థి ఖాతాలో జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో మొదలైంది. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ఆ ఖాతా దగ్గరే చిక్కు వస్తుంది. మొదటి ఏడాదిలోనే చూసుకుంటే సరిచేసుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. స్వయం కోర్సులూ, టీశాట్ పాఠాలూ అదే ఫోనులో, పైసా ఖర్చు లేకుండా ఉన్నాయి. హైదరాబాదు పోయి కోచింగ్ తీసుకోలేని ఇంటి పిల్లలకు అవి చాలా పెద్ద ఆసరా.

విద్యార్థులారా, ఈ రాత్రి పడుకునే ముందు మీ హాజరు శాతం, ఫీజు గడువు, మీ పేరులోని అక్షరాలు ఒకసారి మీ కళ్లతో మీరే చూసుకోండి. తప్పుంటే రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లి అడగండి. అధ్యాపక మిత్రులారా, ఈ రోజు హాజరు ఈ రోజే ఎక్కించండి.