తొట్లలో వేసే పేరు, పాస్‌పోర్టులో పడే పేరు

చెల్లీ, ఈమధ్య మన కోలారు జిల్లా మాస్తి హోబళిలో ఏ ఇంటికి బాలింతను చూడబోయినా, బిడ్డ ఎవరి పోలిక అన్న మాట అయిపోగానే ఇంకో మాట వస్తోంది. "అక్కా, పాపకు పాస్‌పోర్ట్ ఎప్పుడు చేయించాలి? ఎవరిని పట్టుకోవాలి?" అల్లుడు దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు. కూతురు కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంటుంది. మూడో నెలకో ఐదో నెలకో బిడ్డనెత్తుకుని తిరిగి పోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు పథ్యం తెలుసు, లేహ్యం తెలుసు, చంటిబిడ్డకు నీళ్ళు పోయడం తెలుసు. ఈ కాగితాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ మగవాళ్ళ వైపు చూస్తారు. అందుకే ఈసారి ఈ ముచ్చటే పెట్టుకుందాం. ఇది తల్లికి ముందు తెలియాల్సిన పని.

మొదటే ఒక మాట చెబుతాను, మనసులో పెట్టుకో. పాస్‌పోర్ట్ పని బెంగళూరులో మొదలవదు. ఆసుపత్రిలో నువ్వు మంచం మీద ఉండగానే, ఎవరో కాగితం పట్టుకుని వచ్చి "నీ పేరేందమ్మా, ఆయన పేరేంది" అని అడుగుతారే, అక్కడే మొదలవుతుంది. ఆ కాగితంలో పడ్డ అక్షరాలే జనన ధ్రువపత్రంలోకి పోతాయి. అందులోవే పాస్‌పోర్టులోకి, వీసాలోకి, రేపు బడిలోకి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్ట్ కోసం పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. వేరే కాగితమేదీ దాని బదులు చెల్లదు.

"ఇంత పసిగుడ్డుకు వేరే పాస్‌పోర్ట్ ఎందుకక్కా, తల్లి దాంట్లో రాయించుకుంటే చాలదా?" అని అడిగేవాళ్ళున్నారు. ఒకప్పుడు అలా రాసేవాళ్ళు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. ఒక మనిషికి ఒక పాస్‌పోర్ట్ అనేది లోకమంతా నడుస్తున్న నియమం. పాలు తాగే బిడ్డ అయినా సరిహద్దు దగ్గర వేరే మనిషే. దాని పేరు దానిది, దాని ఫోటో దానిది. నాకైతే ఈ నియమం మంచిదే అనిపిస్తుంది. బిడ్డను తల్లి సామాను లెక్కలో వేయకుండా, పుట్టినప్పటి నుంచే మనిషిగా లెక్కపెడుతున్నారు.

ఇక తేదీల సంగతి. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదు. ముప్పై రోజుల లోపల అయితే ఆలస్య రుసుముతో అయిపోతుంది. అది దాటితే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు గానీ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ ఉత్తర్వు ఇవ్వాలి. కాన్పు ఆసుపత్రిలో అయితే సమాచారం పంపే బాధ్యత వాళ్ళదే. అయినా డిశ్చార్జి అయ్యేటప్పుడు అడిగి తెలుసుకోవడం నీ పని. నమోదు ఎక్కడైంది, ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలి, ఈ రెండూ అడగకుండా ఆసుపత్రి గడప దాటొద్దు.

మన ఇళ్ళల్లో తొట్లలో వేసి పేరు పెట్టేది కొందరు పదకొండో రోజు, కొందరు ఇరవై ఒకటో రోజు, ఇంకొందరు మూడో నెల. చట్టం పెట్టిన గడువూ ఇరవై ఒక్క రోజులే. పదకొండో రోజే పేరు పెట్టే ఇంట్లో ఇబ్బంది లేదు. మూడో నెల దాకా ఆగే ఇంట్లో, పేరు ఖాయం కాలేదని నమోదే ఆపేస్తారు. అది వద్దు. పేరు లేకుండా నమోదు చేయించవచ్చు. ఏడాది లోపల పేరు చేర్పిస్తే రుసుము అడగరు. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ళ దాకా రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. కానీ పాస్‌పోర్టుకు పోయేటప్పటికి ఫలానా ఆమె బిడ్డ అని ఉంటే చాలదు, బిడ్డ పేరు ధ్రువపత్రంలో ఉండాలి. అందుకని ప్రయాణం తొందరగా ఉన్న ఇంట్లో పెద్దవాళ్ళతో ముందే కూర్చుని పేరు ఖాయం చేసుకోండి. ముహూర్తం పెద్దవాళ్ళు చూడనీ. ఆ పేరును ఇంగ్లీషులో ఎలా రాయాలో నువ్వు, ఆయన కలిసి చూసుకోండి.

ఈ రాత విషయం మన కోలారు జిల్లా వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ పట్టించుకోవాలి. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం, పాస్‌పోర్టులో పడేది ఇంగ్లీషు. పేరు మూడు భాషల మధ్య తిరిగేసరికి రాత మారిపోతుంది. లక్ష్మి అనే పేరునే చూడు. ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఒకరు కె, ఎస్, హెచ్ వేసి రాస్తారు. తల్లి ఆధార్‌లో ఒక తీరు, బిడ్డ ధ్రువపత్రంలో తల్లి పేరు ఇంకో తీరు ఉంటే, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ప్రశ్న అక్కడే పుడుతుంది. ఆసుపత్రిలో పేరు చెప్పేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోవద్దు. నీ ఆధార్, మీ ఆయన ఆధార్, పాస్‌పోర్టులుంటే అవి కూడా చూపించి, అందులో ఉన్నట్టే రాయమను. రాసినాక ఒక్కో అక్షరం వేలు పెట్టి చదువు. పెళ్ళి తర్వాత నీ పేరు మారి ఉంటే, పాత పేరొక కాగితంలో, కొత్త పేరొక కాగితంలో మిగిలిపోకుండా కాన్పుకు ముందే సరిచేసుకో. నెలలు నిండినాక తిరగలేవు.

ఇంకొకటుంది, అది ఇనిషియల్ సంగతి. ఆంధ్రాలో మనవాళ్ళకు ఇంటిపేరు ముందొస్తుంది. మన దిక్కున చాలామందికి పేరు ముందు ఊరి అక్షరమో నాన్న పేరు అక్షరమో ఉంటుంది. 1983 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్ పేరే చూడు. మన ఊరి పేరే ఆయన పేరుకు ముందు నిలబడి, చివరికి ఆయన్ను మాస్తి అని పిలిచే దాకా వచ్చింది. అంత గౌరవమైన అలవాటు అది. పాస్‌పోర్టులో మాత్రం విడి అక్షరం పనికిరాదు, ఆ అక్షరం వెనకున్న పేరంతా విడమరిచి రాయాలి. పైగా దరఖాస్తులో సొంత పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినా పాస్‌పోర్ట్ ఇస్తారు. కష్టం తర్వాత వస్తుంది. 2022 నవంబరులో యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్ళను రానివ్వబోమని చెప్పింది. పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో వంశం పేరో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత వివరణ ఇచ్చింది. అమెరికా వీసాలోనైతే ఒంటి పేరున్న వాళ్ళకు సొంత పేరు తెలియదని అక్షరాలు వేసి పెడతారు. అందుకని జనన ధ్రువపత్రం రాయించేటప్పుడే బిడ్డకు రెండు భాగాల పేరు పెట్టించు. రెండో భాగం మీ ఇంటిపేరు కావచ్చు, నాన్న పేరు కావచ్చు, అమ్మ పేరూ కావచ్చు. ఆ బిడ్డ యాభై ఏళ్ళకు కూడా ఆ పేరుతోనే సంతకం చేస్తుంది, ఆలోచించి పెట్టండి.

ధ్రువపత్రం చేతికొచ్చినాక దరఖాస్తు సులువే. విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, వివరాలు నింపి, రుసుము కట్టి, పోవాల్సిన రోజు ఎంచుకోవాలి. వెబ్‌సైట్ పేరు చివర గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూసుకో. డబ్బులు గుంజే నకిలీ సైట్లు ఉన్నాయని ప్రభుత్వమే హెచ్చరించింది. పిల్లలకు మామూలు రుసుము వెయ్యి రూపాయలు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు పది శాతం తగ్గింపు. తత్కాల్ అయితే ఇంకో రెండు వేలు అదనం. పాస్‌పోర్ట్ ఐదేళ్ళు చెల్లుతుంది. అప్పటికి బిడ్డ ముఖం మారిపోతుంది కాబట్టి మళ్ళీ చేయించాలి.

ఎక్కడికి పోవాలంటావా? బెంగళూరులో పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలున్నాయి. తపాలా కార్యాలయాల్లో కూడా సేవా కేంద్రాలు పెట్టడం 2017 జనవరిలో మొదలైంది. దేశంలో మొదటి రెండిట్లో ఒకటి మన మైసూరులోనే తెరిచారు. దరఖాస్తులోనే నీకు వీలైన కేంద్రం ఎంచుకోవచ్చు. పుట్టింట్లో ఉన్నావు గదా అని మాస్తి అడ్రసు వేయాలని తొందరపడొద్దు. బిడ్డకు చిరునామా రుజువు అమ్మానాన్నలదే. మీ కాగితాల్లో ఏ అడ్రసు ఉందో అది చూసుకుని నింపండి. పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్టులో ఆ చిరునామాకే వస్తుంది, తీసుకునేవాళ్ళు అక్కడ ఉండాలి.

సంతకాల మాటకొస్తే, అమ్మ, నాన్న ఇద్దరూ ఒప్పుకున్నామని అనెక్సర్ డి అనే పత్రం ఇవ్వాలి. 2016 డిసెంబరులో నియమాలు సడలించినాక దానికి నోటరీ అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసి సంతకాలు పెడితే చాలు. పెళ్ళి ధ్రువపత్రం అడగడమూ అప్పుడే మానేశారు. ఆయన విదేశంలో ఉంటే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రం తెప్పించుకోవాలి. ఇది రావడానికి పట్టే రోజులు లెక్కేసుకుని, బిడ్డ పుట్టగానే ఆయనకు చెప్పి పెట్టు.

ఒంటరిగా బిడ్డను పెంచుతున్న చెల్లెళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. తండ్రి పేరు లేకపోతే పాస్‌పోర్ట్ రాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. తండ్రి పేరు రాయాలని బలవంతపెట్టకూడదని 2016 మేలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అదే ఏడాది చివర వచ్చిన నియమాల్లో అమ్మానాన్నల్లో ఒకరి పేరు రాస్తే చాలన్నారు. రెండో మనిషి సమ్మతి దొరకనప్పుడు ఇవ్వడానికి అనెక్సర్ సి ఉంది. ఎందుకు దొరకలేదో అందులో ఉన్నది ఉన్నట్టు రాయి. తలదించుకోవాల్సిన పని కాదు.

పోయే రోజు బిడ్డను వెంట తీసుకుపోవాల్సిందే. మన ఊరి నుంచి మాలూరు దాకా బస్సు, అక్కడ రైలెక్కితే బెంగళూరు. మారికుప్పం నుంచి, బంగారపేట నుంచి వచ్చే పొద్దుటి రైళ్ళలో పనులకు పోయే జనం కిక్కిరిసి ఉంటారు. పసిబిడ్డతో వాటిలో వద్దు. కాస్త పొద్దెక్కినాక పోయే వేళకు అపాయింట్‌మెంట్ తీసుకో. తోడుగా అమ్మనో అత్తనో పిలుచుకుపో. నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఫోటో మనమే తీయించుకుని పోవాలి, వెనక తెల్లగా ఉండాలి. బిడ్డను తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, పాలు తాగి హాయిగా కళ్ళు తెరిచి ఉన్నప్పుడు పైనుంచి తీయించు. పట్టుకున్న చేతులు ఫోటోలో కనపడకూడదు. ఆ రోజుకు కాటుక వద్దు, దిష్టిచుక్క బుగ్గన కాకుండా అరికాలికి పెట్టు. సంతకం చోట బిడ్డ వేలిముద్రే వేయాలి. మగబిడ్డయితే ఎడమ బొటనవేలు, ఆడబిడ్డయితే కుడి బొటనవేలు. ఆ చోట అమ్మానాన్నలు సంతకం పెట్టేయకూడదు.

లోపల ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు. మొదటి దాంట్లో కాగితాలు స్కాన్ చేస్తారు, రెండో దాంట్లో సరిచూస్తారు, మూడో దాంట్లో అధికారి మంజూరు చేస్తారు. జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్, పాస్‌పోర్టులుంటే అవి, అన్నిటి అసళ్ళూ సంతకం చేసిన నకళ్ళూ ఒకే సంచిలో వరసగా పెట్టుకో. అమ్మానాన్నల దగ్గర చెల్లే పాస్‌పోర్టులుంటే బిడ్డ విషయంలో పోలీసు విచారణ సాధారణంగా అడగరు.

కాన్పు అక్కడే అయిన చెల్లెళ్ళకు దారి వేరు. గల్ఫ్‌లో పుట్టినా మన పౌరులకు పుట్టిన బిడ్డ మన బిడ్డే. పుట్టిన ఏడాది లోపల అక్కడి భారత కార్యాలయంలో జననం నమోదు చేయించాలి, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని రాసివ్వాలి. యూఏఈలో అయితే 120 రోజుల్లో బిడ్డకు నివాస వీసా కూడా తీయాలి, దానికి ముందు పాస్‌పోర్ట్ రావాలి. అమెరికాలో పుట్టి ఆ దేశ పౌరసత్వం వచ్చిన బిడ్డ సంగతి వేరు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, అందుకని విదేశీ పౌరసత్వం ఉన్న మన మూలాల వాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటారు. 2020లో కరోనా కాలంలో వీసాలు, ఓసీఐ ప్రయాణాలు ఆపేసినప్పుడు, అమ్మానాన్నలకు మన పాస్‌పోర్ట్, బిడ్డకు అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న ఇళ్ళు విమానం ఎక్కలేక ఎంత అల్లాడాయో అప్పట్లో పత్రికల్లో చదివాం. ఆ ఏడాది మేలో సడలింపు ఇచ్చినప్పుడు, అది ఓసీఐ కార్డు ముందే ఉన్న పిల్లలకే అక్కరకొచ్చింది. కాగితం చిన్నదని ఆలస్యం చేయొద్దని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చివరగా ఇది విను చెల్లీ. విదేశానికి పోవడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ స్వేచ్ఛ మంత్రులకూ పెద్ద ఉద్యోగస్తులకూ ఎంతో, మాస్తి ఆసుపత్రిలో పుట్టిన పిల్లకూ అంతే. కాబట్టి ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, ఏజెంటు చేతిలో వేలకు వేలు పోయనక్కర్లేదు. నెలలు నిండకముందే నీ కాగితాలు సరిచేసుకో. ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించు. బిడ్డ పేరు, నీ పేరు, ఆయన పేరు నీ కళ్ళతో చదివి, సరిగ్గా ఉన్నాయన్న తర్వాతే సంతకం పెట్టు. చదవడం రాకపోతే చదివినవాళ్ళ చేత బిగ్గరగా చదివించుకో. బాలింతవు, నీకెందుకీ పనులు అని ఎవరన్నా అంటే, బిడ్డను కన్నది నేనే, దాని పేరు సరిగ్గా పడేలా చూసుకునేదీ నేనే అని చెప్పు.